అయిలయ్య సింథసైజర్‌లో దిగిన గాంధారం

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. కానీ హన్మకొండలో, మా ఇంటి ముందుగదిలో, పట్టపగలు జరిగిన ఈ సంగతి మాత్రం మింగుడుపడటం లేదు.

పాత సింథసైజర్లకు, అదే ఎలక్ట్రానిక్ కీబోర్డు వాద్యాలకు, కొత్త ఫర్మ్‌వేర్ రాయడం నా పని. అంటే, చిప్‌లో ఉండి మిషన్‌ను నడిపించే ప్రోగ్రామ్. చిప్ పాడైతే వాద్యం మూగబోతుంది. నేను మొదటినుంచి మళ్లీ రాస్తాను.

పోయిన ఎండాకాలం పరకాల నుంచి రాజమ్మ గారు ఒక సింథసైజర్‌ను పాత చీరలో చుట్టి తెచ్చారు. ఆమె భర్త అయిలయ్య పెళ్లి బ్యాండులో ఏళ్ల తరబడి వాయించిన మిషన్ అది. ఆయన పోయి రెండేళ్లు.

"పాటలేం ఒద్దు బిడ్డా. ఒక్కసారి దాని గొంతు ఇనిపియ్యి, చాలు" అంది.

లోపల బ్యాటరీ కారి మెమరీ చిప్‌ను తినేసింది. అయిలయ్య దాచుకున్న సెట్టింగులు ఒక్కటీ మిగల్లేదు. పాత చిప్‌లు పీకేసి కొత్తవి వేశాను. ప్రోగ్రామ్ రాయడానికి ఐదు వారాలు పట్టింది.

ఆమెను పిలిపించి, ఎదురుగా ఆన్ చేశాను. స, రి వాయించి గాంధారం దగ్గర ఆగిపోయాను. అదొక్కటే శ్రుతి కొద్దిగా దిగి పలుకుతోంది. నా ప్రోగ్రామ్‌లోనే తప్పుందనుకుని "సరిచేస్తానమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు బిడ్డా. మా ఆయన గట్లనే పెట్టుకున్నడు."

బ్యాండులో సన్నాయి ఊదే కొమురయ్యకు పళ్లు ఊడాక గాంధారం జారేదట. కొత్తవాణ్ని పెట్టుకుందామని అందరూ అన్నారట. అయిలయ్య ఒప్పుకోలేదు. తన మిషన్‌లో ఆ ఒక్క స్వరాన్ని దించుకుని, కొమురయ్య ఉన్నన్నాళ్లూ అలాగే వాయించాడు.

"'మనిషిని తీసేసుడేందే, మిషిన్‌ను జర దించుకుంటే అయిపాయె' అనేటోడు" అంటూ కళ్లొత్తుకుంది.

ఎందరో వాయిద్యకారుల మిషన్లు విప్పాను. అలాంటి మనిషి గురించి వినడం అదే మొదలు.

ఆమె సరేనంటే మిషన్‌ను మూడు రోజులు ఉంచుకుని వెతికాను. ట్యూనర్‌తో శ్రుతి కొలిచాను. కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ గాంధారం ఒక్కటే దిగి ఉంది. చిప్‌లో ఉన్నదాన్ని తిరిగి చదివి, నేను రాసినదాంతో పోల్చాను. ఒక్క అక్షరం తేడా లేదు. అదే చిప్‌ను అదే రకం మరో మిషన్‌లో పెడితే గాంధారం సరిగ్గా పలికింది. పోనీ ఈ మిషన్‌లోనే లోపమనుకుంటే, అన్ని స్వరాలూ దిగాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక స్వరాన్ని విడిగా దించే సదుపాయం నా ప్రోగ్రామ్‌లో నేను రాయనే లేదు.

ఏదీ మార్చకుండా రాజమ్మ గారికి అప్పగించాను. తర్వాత, అయిలయ్య మీద గౌరవంతో, ఆ సదుపాయాన్ని నా ప్రోగ్రామ్‌లో చేర్చాను. కానీ ఆమె విన్న రోజున అది లేదు. ఆ గాంధారం ఎలా దిగిందో నేనిప్పటికీ చెప్పలేను.