మొదట్నించి చదవమన్న కింది అత్త

పోయిన మంగళవారం సాయంత్రం, భిలాయి వైశాలి నగర్‌లో నేను పనిచేసే స్కూల్లో పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుతూ ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు తెలుగులో మొదలుపెట్టి, గొంతు వణికేసరికి హిందీలోకి జారిపోయాడు. "అక్కా, కింది అత్త... నహీ రహీ అక్కా. పోయింది." పొయ్యి మీద అన్నం పెట్టి గోడకు ఆనుకుని కూచున్న మనిషి అలాగే ఉండిపోయిందట. మాడు వాసన వచ్చి వాడే కిందికి పరిగెత్తాడు.

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. భయమేసింది. వెలుతురుండగానే ఇల్లు చేరాలనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళదాన్ని, నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టేదాన్ని, ఆటోలో ముందున్న రాడ్డుని రెండు చేతులా పట్టుకుని కూచున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. మాది శ్రీకాకుళం వైపు, ఆమెది విజయనగరం వైపు. భిలాయిలో ప్రభుత్వం కట్టించి ఇచ్చిన ఇళ్ళలో ఒకే మెట్ల దారిలో ఎనిమిది కుటుంబాలం ఉంటాం. మాది రెండో అంతస్తు, ఆమెది అన్నిటికన్నా కింద. అందుకే కింది అత్త.

మేం ఆ ఇంటికి సంతోషంగా వచ్చామని మీరనుకోవచ్చు. అలా రాలేదు. అంతకుముందు రైలు పట్టాల పక్క బస్తీలో ఉండేవాళ్ళం. ఒక పొద్దున నేను బడికి జడ వేయించుకుంటూ ఉండగా బుల్డోజరు వచ్చింది. ఖాళీ చెయ్యమని ముందే చెప్పారట, చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ నమ్మినవాళ్ళు లేరు. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఐదు. మా గోడ పడిపోతున్నప్పుడు వాడు అమ్మ చంకలో ఉన్నాడు. కొన్ని నెలల తరవాత లాటరీలో మాకు ఈ ఇల్లు వచ్చింది. ఒక గది, వంటిల్లు, తలుపున్న స్నానాల గది. అయినా బయట లారీ ఇంజను చప్పుడైతే తమ్ముడు మంచం కిందికి దూరేవాడు. ఎవరైనా తలుపు కొడితే నిక్కరు తడిపేసుకునేవాడు. అమ్మ సామాను మూటలు విప్పలేదు. వంట గిన్నెలు తీసి, వండి, కడిగి మళ్ళీ గోనెసంచిలో పెట్టేది. "ఇదీ తీసేస్తారు" అనేది. గోడకు ఒక్క మేకు కొట్టనివ్వలేదు.

కింది అత్త మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు తలుపు కొట్టబోయింది. లోపల తమ్ముడి కేక విని చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంతసేపటికి మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది. "నానేనమ్మా, కిందింటి అత్తని. ఒస్తన్నాను. ఇప్పుడు మూడో మెట్టు కాడున్నాను. ఇప్పుడు మీ గుమ్మం కాడున్నాను." ఆ తరవాత పంతొమ్మిదేళ్ళూ ఆమె మా తలుపు కొట్టలేదు.

లోపలికి వచ్చి మూటల్ని చూసింది. "ఏటే, రైలెక్కుతన్నారేటి?" అంది అమ్మతో. ఆమె కిందికి వెళ్ళి, సుత్తీ మేకూ తెచ్చి, అమ్మ వద్దొద్దంటున్నా గోడకు కొట్టేసింది. సున్నం పెచ్చు ఊడి పడింది. అమ్మ దాన్ని దోసిట్లో పట్టుకుని, "గవర్మెంటోలు అడిగితే ఏటి సెప్పను వదినా?" అంది.

"సొక్కా తగిలించుకున్నామని సెప్పు" అంది అత్త.

ఒకప్పుడు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు మనుషుల కోసం నడిచే కాంటీన్లో ఆమె వంట చేసేది. మోకాళ్ళు పట్టేశాక మానేసి, ఇంట్లోనే రొట్టెలు చేసి అమ్మేది. చదువు లేదు. కానీ ఎనిమిది ఇళ్ళలో ఏ పిల్లకి ఏ రోజు పరీక్షో ఆమెకు తెలుసు. రోజూ దీపాలు పెట్టే వేళకి కింది నుంచి పై దాకా ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి పేరుపేరునా పిలిచేది. ఎదురింటి పాల భయ్యా, మొదటి అంతస్తులో మిషను కుట్టే సిలాయి దీదీ, మేము. "ఉన్నారా?" అంటే "ఉన్నాం" అనాలి. అంతే, వెళ్ళిపోయేది. కరెంటు పోతే పిల్లలందర్నీ మెట్ల మీద వరసగా కూచోబెట్టి, ఏ తలుపు వెనక ఎవరున్నారో కింది నుంచి చెప్పించేది. తమ్ముడు ముందు నా చెవిలో చెప్పేవాడు. తరవాత గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. వాడు మంచం కిందికి దూరడం ఎప్పుడు మానేశాడో నాకు గుర్తు లేదు. అలాంటివి తెలియకుండానే ఆగిపోతాయేమో.

నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న పోయాడు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఆయన పని. జ్వరమని పడుకున్నాడు, మూడో రోజుకి లేడు. నెల తిరక్కుండానే మా తలుపు మీద హిందీలో అచ్చువేసిన కాగితం అంటించి ఉంది. అమ్మకి చదువు రాదు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. నా కళ్ళు తిన్నగా ఆఖరి వరసకి వెళ్ళాయి. 'ఆవంటన్ నిరస్త్' అని ఉంది. అంటే కేటాయింపు రద్దు.

"ఇల్లు తీసేసుకుంటారట" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఈ రోజుకీ తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి. అమ్మ నన్ను ఇంకో ముక్క అడగలేదు. గోడ మీది చొక్కా తీసి మడతపెట్టింది. గోనెసంచులు దులిపింది. "ఆ బండి ఒచ్చేదాకా ఉండను. పిల్లడు ఇంకోసారి సూడకూడదు. బేగి సర్దు" అంది. మధ్యాహ్నం రైలుకి ఊరెళ్ళిపోదామంది. ఊళ్ళో మాకేమీ లేదు, నాన్న అన్నగారి పశువుల పాక తప్ప. నా స్కూలు, తమ్ముడి స్కూలు ఏమవుతాయని అడగడానికి నాకు నోరు రాలేదు. తమ్ముడు తన బూట్లు తెచ్చుకుని నిశ్శబ్దంగా సంచిలో వేసుకున్నాడు. వాడు ఏడ్చి ఉంటే బాగుండేది.

మూటలతో బయటికొస్తే గుమ్మానికి అడ్డంగా అత్త కూచుని ఉంది. సామాను చప్పుడు కిందికి వినబడిందట.

"లెగు వదినా, రైలుంది" అంది అమ్మ.

"నన్ను తొక్కుకుని ఎల్లు."

"నీకేటి తెలుసు? కాయితం అంటించేరు. రేపో మాపో ఒచ్చేస్తారు."

"ఏటంటించేరో నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఒలే గుంటా, ఇలా రా. సదువు."

నేను మళ్ళీ ఆఖరి వరసే చదివాను. ఆమె నా చెయ్యి పట్టి కాగితం పై అంచు దగ్గర పెట్టింది. "మొదట్నించి సదువు. భయమైన ముక్క కాడ ఆగిపోకు."

మొదట్నించి చదివాను. కూడబలుక్కుంటూ, తెలియని హిందీ మాటలు సిలాయి దీదీని కేకేసి అడుగుతూ. ఆ కాగితం మమ్మల్ని వెళ్ళమనలేదు. కొందరు ఇళ్ళకి తాళాలేసి, కొందరు అద్దెకిచ్చి వెళ్ళిపోయారు కాబట్టి, ఉంటున్న కుటుంబాలు పదిహేను రోజుల్లో ఆఫీసుకి వచ్చి తమ పేర్లు సరిచూపించుకోవాలని రాసి ఉంది. అసలు మనిషి చనిపోతే కుటుంబంలో ఎవరి పేరున మార్చాలో చెప్పమని కూడా ఉంది. ఎవరూ రాకపోతేనే రద్దు. అంటే మేం రైలెక్కి ఉంటే మా ఇంటిని మేమే రద్దు చేసుకునేవాళ్ళం. అది తెలిశాక కూడా అమ్మ మూటలు లోపలికి తీసుకెళ్ళలేదు. గుమ్మంలో అత్త పక్కనే కూలబడింది.

మర్నాడు ఆఫీసుకి ఐదుగురం వెళ్ళాం. అమ్మ, నేను, అత్త, సాక్ష్యానికి పాల భయ్యా, సిలాయి దీదీ. కిటికీ ముందు పెద్ద వరస. అత్త నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ధైర్యం చెప్పడానికి పట్టుకుందనుకున్నాను. కాసేపటికి నా అరచెయ్యి తడిసిపోయింది. తలెత్తి చూస్తే ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి. మా వంతు వచ్చినప్పుడు మాత్రం గొంతు స్పష్టంగా పలికింది. "సాహెబ్, యే లోగ్ యహీఁ రహతే హైఁ. మైఁ రోజ్ దేఖ్తీ హూఁ." వీళ్ళిక్కడే ఉంటారు, నేను రోజూ చూస్తాను.

లోపలున్నాయన చెడ్డవాడు కాదు. మా స్కూలు కాగితాలు చూశాడు, మరణ ధ్రువపత్రం తెమ్మన్నాడు, ఇంకోసారి రమ్మన్నాడు. మూడుసార్లు తిరిగాక ఇల్లు అమ్మ పేరు మీదికి మారింది. అది ఇంతలో అయిపోయే పని అని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం ఒక్కో రోజూ ఇంజను చప్పుడు కోసం చెవులు రిక్కించుకునే ఉన్నాం.

మొదటి రోజు తిరిగొస్తూ అత్త దారిలో కల్వర్టు మీద కూచుండిపోయింది. మిగతావాళ్ళు ముందు నడుస్తున్నారు. నేను పక్కన కూచున్నాను.

"నీకు భయం లేదనుకున్నాను అత్తా" అన్నాను.

"ఎవులు సెప్పేరే? ఈ బిల్డింగులో నాకున్నంత భయం ఎవులికీ లేదు. దీపాలేలకి ఒక్కదాన్నీ ఇంట్లో ఉండలేక మెట్లెక్కుతాను. మీకోసమనుకున్నావేటి?"

తరవాత చెప్పింది. ఆమె భర్త పోయినప్పుడు వాళ్ళు ఎవరిదో క్వార్టరు వెనక రేకుల గదిలో ఉండేవారట. ఎవరో వచ్చి ఖాళీ చెయ్యాల్సుంటుందేమో అన్నారట. గట్టిగా కూడా అనలేదు. ఆ పూటే సామాను కట్టుకుని, నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని బయటికొచ్చేసింది. వానాకాలం. షెడ్డుల చూరు కింద, స్టేషను బయట గడిపారు. "ఎవులూ ఎల్లమన్లేదు. నాకు నానే ఎల్లిపోయాను. ఆ వాన్లకే పిల్ల పోయింది." అంతకంటే చెప్పలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "పద, మీయమ్మ ఎనక్కి సూస్తంది" అని లేచింది.

ఆ తరవాత ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఇది రాయకపోతే ఆమెను ధైర్యవంతురాలిగా గుర్తుపెట్టుకుంటారు. అది ఆమెకు అన్యాయం. ఆమె భయపడుతూనే అన్నిచోట్లకీ వెళ్ళేది.

తమ్ముడు ఇప్పుడు ఎలక్ట్రీషియన్. అత్తకు కొరివి పెట్టింది వాడే. ఆమె తరఫు వాళ్ళెవరూ లేరు. ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి ఆమె ఇంట్లో ఉన్న నాలుగు సామాన్లూ రాసుకుని తాళం వేసి వెళ్ళారు. ఆ ఇల్లు ఎవరికిస్తారో తెలియదు. ఎలాంటివాళ్ళొస్తారోనని అందరికీ బెంగగానే ఉంది. మా గోడల్లోకి చెమ్మ దిగుతోంది, బ్లాకుని మరమ్మతుకని ఖాళీ చేయిస్తారని ఒక పుకారు కూడా తిరుగుతోంది. అమ్మ నన్ను రోజుకి రెండుసార్లు అడుగుతుంది. నాకు తెలియదంటాను. తెలియదు.

తాళం వేసినవాళ్ళు బయట తీగ మీదున్న ఆమె చీరని చూసుకోలేదు. తను చనిపోయిన రోజు పొద్దున ఉతికి ఆరేసింది, ఆకుపచ్చది, నేతచీర. తియ్యడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. రెండుసార్లు వానకి తడిసి, రెండుసార్లు ఆరింది. నిన్న సాయంత్రం పై నుంచి చూస్తే ఎవరో నిలబడి ఉన్నట్టు అది బిగుసుకుని ఉంది. గబగబా కిందికి దిగాను. సిలాయి దీదీ మనవరాలు, నాలుగేళ్ళది, ఆ చీరని ఒంటికి చుట్టుకుని లోపల నిలబడి ఉంది. బయటికి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి, పట్టీలు చూసి పోల్చుకున్నాను. పైనుంచి వాళ్ళమ్మ పిలుస్తోంది. దాక్కున్న పిల్ల పలకలేదు. చీరలో ఊపిరి ఆడుతున్న చోట బట్ట కొంచెం కొంచెం లోపలికి పోయి, మళ్ళీ బయటికి వస్తోంది.