ఒక్కటే చెక్క అని చెప్పిన గిటారు

నాకు ఆగడం చేతకాదు. కుక్కర్ మూడో కూత వేయకముందే మూత మీద చెయ్యి వేసే మనిషిని. ఈ గిటారు గొడవంతా ఆ గుణం వల్లే వచ్చింది.

మా అన్న దగ్గర ఒకప్పుడు ఎర్ర రంగు ఎలక్ట్రిక్ గిటారు ఉండేది. ఆదివారం చర్చిలో వాయించేవాడు, మిగతా రోజుల్లో దాన్ని తుడుచుకుంటూ కూర్చునేవాడు. నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడు దాన్ని అమ్మేశాడు. "బోర్ కొట్టింది" అన్నాడు. బోర్ కొట్టే మనిషి కాదు. ఎందుకమ్మావని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అప్పటి నుంచి చర్చిలో చివరి బెంచీకి మారిపోయాడు. ఆఖరి పాట ఎత్తుకునేసరికి బయట చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాడు. అది చూసినప్పుడల్లా నాకు కూర్చున్నచోట ముళ్ళు గుచ్చుకున్నట్టుండేది.

అన్నకు ఒక పిచ్చి ఉంది. ఎక్కడ గిటారు కనబడినా ముందు తిప్పి వీపు చూస్తాడు. "ముక్కలు అతికిచ్చింది కాదు చెల్లే, వెనక ఒక్కటే చెక్క ఉండాలె. తీగ మీటితే చాన సేపు మోగుతది" అనేవాడు. అట్లాంటిది కొనే తాహతు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇంద్రేశంలో మాకున్న కొద్దిపాటి జాగాలో ఒక మామిడి చెట్టు ఉండేది. పక్క లేఅవుట్‌కు రోడ్డు వెడల్పు చేస్తూ మొన్న చలికాలంలో దాన్ని కొట్టేశారు. అందరూ మొద్దును కట్టెల కిందికి ఇచ్చేద్దామన్నారు. నేను మాత్రం ట్రాలీలో వేయించి పటాన్‌చెరు సామిల్లుకు తీసుకెళ్ళి, నడిమి నుంచి ఒక వెడల్పాటి పలక కోయించాను. ఆ పలకతో అన్నకు గిటారు చేయించాలి. వీపు మీద అతుకు ఉండకూడదు. ఈస్టరు రోజు అన్న దాన్ని మెడకు వేసుకుని మళ్ళీ అందరి ముందు నిలబడాలి. ఈస్టరుకు మూడు నెలలు కూడా లేవు. ఆ చెట్టుకు అంత వెడల్పున వచ్చిన పలక ఇంకోటి లేదు.

పటాన్‌చెరులో తలుపులు, దర్వాజాలు చేసే ముసలి మేస్త్రి ఒకాయన ఉన్నాడు. నేను చాచా అంటాను. పలక మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"పచ్చిగుంది బేటీ. ఒక్క వానకాలం పోనియ్యి. నీడల పండబెట్టు."

"అంత టైం లేదు చాచా."

"అయితే నడిమికి కోసి, ఒక సగం తిరగేసి అతికిస్త. రెండు సగాలు అటొకటి ఇటొకటి గుంజుకుంటయి, వంకర పోదు."

"అతుకే వద్దంటున్న."

"ఒక్కటే ముక్క కావాలె, మళ్ళ జల్దీ కావాలె. రెండూ ఎట్లొస్తయ్?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నెల రోజులు పలకను మంచం కింద ఇటుకల మీద పెట్టాను. పొద్దున లేవగానే వంగి చూసేదాన్ని, రాత్రి పడుకునేముందు తట్టి చూసేదాన్ని. చూస్తుంటే ఎండుతుందా! నేను బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. పొడిలో తేమ ఎంతుందో చూడటం నా రోజువారీ పని. కొంచెం తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్ళీ తూస్తే ఎంత తగ్గిందో అంత తేమ. ఒకరోజు పలక మీద నుంచి గుప్పెడు పొట్టు గీకి, టిఫిన్ డబ్బాలో వేసుకుని కంపెనీ బస్సెక్కాను. అందరూ అన్నానికి వెళ్ళిన గంటలో పరీక్ష చేశాను. తేమ చాలా తక్కువుంది. ఎగిరి గంతేశాను.

ఆ లెక్క కాగితం మీద రాసి చాచాకు చూపించాను. "మిషన్‌కు కట్టె సంగతి తెలుస్తదా?" అన్నాడు. నేను దుకాణం ముందు నుంచి కదలకపోయేసరికి, గొణుక్కుంటూనే రెండువైపులా చిత్రిక పట్టి నున్నగా చేశాడు.

నాలుగు రోజుల తర్వాత వెళ్ళేసరికి పలక దోనె లాగా వంగి, నిట్టనిలువునా పగిలి ఉంది. పైపొర ఎండింది, లోపల ఇంకా పచ్చే. మందు పొడి డ్రమ్ములో నుంచి నమూనా తీసేటప్పుడు పైన, నడుమ, అడుగున మూడుచోట్ల తీయాలి. ల్యాబులో చేరిన కొత్త పిల్లలకు ఆ మాట చెప్పేది నేనే. పైపైన గీకి మురిసిపోయిందీ నేనే. చాచా తిడితే బాగుండేది. ఆయన స్టూలు జరిపి, "కూసో బేటీ, చాయ్ తాగు" అన్నాడు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

చాచా చీలిక వెంబడే రంపం వేశాడు. ఒక సగాన్ని తిరగేసి, జిగురు పెట్టి బిగించి, అది ఆరాక గిటారు ఆకారంలో కోశాడు. మెడ, తీగలు ఒక పాత గిటారువి దొరికాయి. అతుకు దగ్గర చెక్క చారలు ఒకదానికొకటి కలవలేదు. ఎవరైనా కనిపెడతారు. నేను తిన్నగా బీరంగూడలో కార్లకు రంగు కొట్టే షెడ్డుకు తీసుకెళ్ళి నల్లరంగు వేయించాను.

ఈస్టరు ముందురోజు అన్న చేతికిచ్చి, "ఒక్కటే చెక్క అన్నా. మన మామిడి" అన్నాను.

అన్న తిప్పి వీపు చూశాడు. బొటనవేలు పైనుంచి కిందిదాకా మెల్లగా జరిపాడు. "అవునా" అన్నాడు.

మర్నాడు వాయించాడు. ముందు బెంచీల వాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. నాకు సంతోషమే, కానీ వాళ్ళ కళ్ళలోకి చూడలేక పాటల పుస్తకంలో తల దూర్చాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే బాధ. అన్న గిటారు తిప్పితే చాలు నేను గోడవైపు చూసేదాన్ని. వానలు పడ్డాక కట్టె ఉబ్బిందో ఏమో, నల్లరంగు కింద సన్నగా వెంట్రుకంత గీత తేలింది. మేము ఒకే ఇంట్లో ఉంటాం, అన్నావాళ్ళు కింద, నేను పైన. రోజూ ఏదో వంకతో కిందికి దిగి, గిటారు తుడిచినట్టు చేసి ఆ గీత చూసుకుని వచ్చేదాన్ని. పెరగలేదు. పోనూ లేదు.

ఒక సాయంత్రం ఇక నా వల్ల కాలేదు. అన్న షిఫ్టు దిగి వచ్చి గిటారు అందుకున్నాడు. "అన్నా, అది రెండు ముక్కలు. నేను అబద్ధం చెప్పిన" అనేశాను.

"ఎరుకనే చెల్లే. మొదటి రోజే ఎరుక. ఇన్నేండ్ల సంది ఫిట్టర్ పని చేస్తున్న, వేలు పెడితే అతుకు తెల్వదా?"

"మరి అప్పుడే ఎందుకు అనలే?"

అన్న కొంచెంసేపు తీగలు సరిచేసుకున్నాడు. "నా ఎర్ర గిటారు మూడు ముక్కలుండె. రంగు కింద కనపడకపోతుండె. కొనేటోడు వెనక తిప్పి చూసి అడిగిండు. ఒక్కటే చెక్క అని చెప్పిన. గట్ల చెప్తే జెర ఎక్కువ ఇస్తడని. నీ ఫీజుకు గంతే తక్కువుండె."

ఫీజు అన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నేను ఏదో అనబోయాను.

"జెర ఆగు" అని అన్న పాట అందుకున్నాడు.

పాట అయ్యేదాకా ఆగాను.