ఏరేటరు కూడా వినపడని ఇయర్‌ఫోన్లు

ఆ రోజుల్లో నేను ఒకచోట కుదురుగా కూర్చున్నానని మా వాళ్లెవరైనా మీకు చెబితే నమ్మకండి, అది నా మీద జాలితో చెప్పిన అబద్ధం. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, వచ్చినా చేసేవాణ్ణో లేదో నాకే తెలియదు. అన్నం తింటూ లేచి ఫోను చూసేవాణ్ణి, ఫోను చూస్తూ లేచి నీళ్లకు పోయేవాణ్ణి, నీళ్లు తాగుతుంటే అన్నం సంగతి గుర్తొచ్చి వచ్చేసరికి అమ్మ కంచం తీసేసి ఉండేది. "వీడి కాళ్ల కింద నిప్పులుండాయి" అనేది మా నాయనమ్మ. "కాళ్ల కింద కాదు, చెవుల్లో ఉండాయి" అనేది అమ్మ. అమ్మ మాటే నిజం. పాటలో బేస్ నాకు చాలేది కాదు. ఎంత ఉన్నా చాలేది కాదు. పాడేవాడు ఏం పాడుతున్నాడో, రాసినాయన ఏం రాశాడో నాకు అనవసరం. అడుగున ఆ 'ధమ్' అనేది వచ్చి గుండెను కదిలించిందా లేదా, అంతవరకే నా సంగీత జ్ఞానం.

నా అవస్థ చూడలేక (లేదా అమ్మ పోరు పడలేక) మా మేనమామ నన్ను తన రొయ్యల గుంటల మీదికి తీసుకుపోయాడు. మా నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే వస్తాయి అవి. రెండు గుంటలు. ఒకదాంట్లో పంట అంతకుముందే రోగం తగిలి పోయింది, ఎండగట్టేశాడు. మిగిలిన రెండోదాన్ని నాకు అప్పజెప్పాడు. రొయ్యల సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. గుంటలో నీళ్లను చిలికే చక్రాలుంటాయి, వాటిని ఏరేటర్లంటాం. అవి తిరుగుతున్నంతసేపూ నీళ్లలో గాలి ఉంటుంది, రొయ్య బతుకుతుంది. ఆగాయంటే రొయ్యకు ఊపిరాడదు, పైకి తేలుతుంది, చూస్తుండగానే పంట చేతులు దాటిపోతుంది. "చప్పుడు ఉన్నంతసేపూ పండుకో. చప్పుడు ఆగిందా, లేసి జనరేటరు ఎయ్యి. ఇంతకు మించి నీకు పన్లేదురా అబ్బయా. కానీ ఈ గుంట నిలబడితేనే ఈ ఏడు మనం నిలబడేది. అది మాత్రం మర్చిపోబాక" అన్నాడు మామ. ఎండగట్టిన గుంట ఖాళీగానే ఉంది కదా, తనే ఇక్కడ కూర్చోవచ్చు కదా, నన్నెందుకు తెచ్చి పెట్టాడు అన్న అనుమానం నాకు రాకపోలేదు. నన్ను మనిషిని చెయ్యాలనుకుంటున్నాడు కాబోలని నాకు నేనే గొప్పగా సమాధానం చెప్పుకున్నాను.

మామకు రెండు అలవాట్లుండేవి. ఒకటి, పక్కన కూర్చున్న మనిషితో కూడా అవతలి గట్టు మీదున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. గుంటల మీద బతికేవాళ్లందరూ అంతేనని మేం దాన్ని పట్టించుకునేవాళ్లం కాదు. రెండోది, గట్టు మీద ఎప్పుడు కూర్చున్నా ఒక కాలు ఏరేటరును కట్టేసిన తాడు మీద పెట్టుకునేవాడు. బీడీ కాల్చినా అంతే, మజ్జిగ తాగినా అంతే. "ఏం మామా, తాడేమన్నా పారిపోతదా?" అని నేను ఎగతాళి చేస్తే నవ్వేవాడు. నేను ఏమన్నా నవ్వేవాడాయన. నా హాస్యం అంత బాగుంటుందని నేను అనుకునేవాణ్ణి.

అలాంటి ఒక శనివారం, చెన్నైలో ఇయర్‌ఫోన్ల కొట్లో పనిచేసే మా స్నేహితుడు సెలవుకు ఊరొచ్చాడు. వాణ్ణి మేం ఊఫర్ అని పిలిచేవాళ్లం (మనిషి ఆకారం చూసి కొంత, వాడి గురకను బట్టి కొంత). వాడు బ్యాగులోంచి రెండు చిన్న పెట్టెలు తీశాడు. వచ్చినవాళ్లకు పెట్టి వినిపించడానికి కొట్లో ఉంచే జతలవి. ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది. వాటి ఖరీదు నాకు చెవిలో చెప్పాడు. గట్టిగా చెప్పుకునే ఖరీదు కాదు. "రేపు సాయంత్రం రైలుకి ఇవి నా చేతిలో ఉండాల. గీత పడిందా, నా ఉద్యోగం గోయిందా" అని నా తల మీద చెయ్యి పెట్టించుకుని మరీ ఇచ్చిపోయాడు. ఒక్క రోజు! కుదురు లేనివాడి చేతికి రెండు జతలిచ్చి ఒక్క రోజు గడువు పెడితే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నల్లదాని లోపల ఒకటే పెద్ద స్పీకరు. వెండిదాంట్లో ఒక్కో చెవికి బుల్లిబుల్లివి అరడజను, అన్నదమ్ములు భాగాలు పంచుకున్నట్టు తలా ఒక పని పంచుకున్నాయి. నల్లదాంట్లో బేస్ వింటుంటే జాతరలో డప్పు పక్కన నిలబడ్డట్టే. దెబ్బ పడిపోయాక కూడా కడుపులో కాసేపు కదులుతూనే ఉంటుంది. వెండిదాంట్లో దెబ్బ ఎక్కడ పడింది, ఎక్కడ ఆగింది అన్నీ విడివిడిగా తెలుస్తాయి గానీ ఆ కదలిక ఉండదు. పోనీ నల్లదే గొప్పదందామా అంటే, అందులో పాడేవాడు పక్క గదిలోకి పోయి తలుపేసుకున్నట్టుంటాడు, వెండిదాంట్లో ఎదురుగా కూర్చుని మన మొహంలోకి చూస్తూ పాడతాడు. నల్లది పెట్టుకున్న నిమిషానికి వెండిది గుర్తొచ్చేది. వెండిది పెట్టుకుంటే నల్లదానికి అన్యాయం చేస్తున్నట్టుండేది. సగం పాట దీంట్లో, సగం దాంట్లో. కాసేపు ఎడమ చెవికి ఇది, కుడి చెవికి అది కూడా పెట్టి చూశాను (పెట్టకూడదు, తల తిరుగుతుంది). శనివారమంతా ఒక్క పాటనూ చివరిదాకా విన్న పాపాన పోలేదు.

పైగా తొడుగుల గొడవ. చెవిలోకి పోయే తొడుగు బిగుతుగా కూర్చోకపోతే ఎంత ఖరీదైనదైనా బేస్ కారిపోతుంది. మా సముద్రపుగాలి చెమటకు రబ్బరు తొడుగులు జారిపోయేవి. స్పాంజి తొడుగులు నలిపి పెట్టుకుంటే లోపల ఉబ్బి చెవిని మూసేస్తాయి. ఏది బాగా మూసిందో తేల్చడానికి మా గుంట మీద తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని పరీక్ష ఒకటి కనిపెట్టాను. పాట ఆపేసి, ఇయర్‌ఫోన్లు మాత్రం చెవుల్లోనే ఉంచుకుని, ఏరేటర్ల చప్పుడు ఎంత వినపడుతోందో చూడటం. రబ్బరు తొడుగుతో సగం చప్పుడు పోయేది. వెండిదానికి స్పాంజి పెడితే ఇంకాస్త పోయింది. నాలాంటి బేస్ పిచ్చోళ్లు ఉండే ఆన్‌లైన్ గ్రూపులో ఈ 'ఏరేటరు పరీక్ష' గురించి రాస్తే అందరూ ఒకటే పొగడ్తలు. ఇక నల్లదానికి స్పాంజి పెట్టి చూడటమొక్కటే మిగిలింది.

ఆదివారం పొద్దున్నుంచీ మబ్బు. మబ్బు రోజున నీళ్లలో గాలి అసలే తక్కువుంటుంది. మామ మేత తేవడానికి కోటకు పోతూ, "మబ్బు పట్టుండాది. చెవి ఆడనే పెట్టు" అని చెప్పి మరీ పోయాడు. నేను షెడ్డులో మంచం మీద పడుకుని, నల్లదానికి స్పాంజి తొడుగులు ఎక్కించి, చెవుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాను (బేస్ కళ్లు మూసుకునే వినాలి, అది మా గ్రూపు నియమం). పాట సాగింది. ఆహా! మంచం కోళ్లు కూడా అదురుతున్నట్టుంది. పాట అయిపోయాక పరీక్ష మొదలుపెట్టాను. ఏరేటర్ల చప్పుడు లేదు. ఊపిరి బిగబట్టి విన్నాను. ఇసుమంత కూడా లేదు! ఒళ్లు జలదరించింది. తీసి సరిచూసుకోవాలని కూడా అనిపించలేదు, అంత ఆనందం. పడుకునే గ్రూపులో రాసేశాను: "నల్లదే విజేత. స్పాంజి తొడుగుతో ఏరేటరు కూడా వినపడదు. పదికి పది." తల తిప్పి చూస్తే ఎదుటి గట్టు మీద కొంగలు ఒక్కొక్కటే వచ్చి దిగుతున్నాయి. తెల్లగా ఎంత అందంగా ఉన్నాయో! పాటకు పశువులూ పాములూ కూడా తలలూపుతాయంటారు, కొంగల సంగతి పెద్దలు మర్చిపోయారు కాబోలనుకున్నాను. (పాట నా చెవుల్లో ఉంటే కొంగలకెట్లా వినపడుతుందన్న ప్రశ్న నాకు రాలేదు.)

అప్పుడు ఎవరో నా చెవిలోంచి వైరు పట్టి లాగారు. మా మామ కూతురు, అంటే నా మరదలు. మధ్యాహ్నం అన్నం కేరియరుతో స్కూటీ మీద వచ్చింది. "బావా, చచ్చినోడా, కరెంటు పోయింది! చక్రాలు ఆగిపోయినాయి! రోడ్డు మీదికే కనపడతా ఉండాయి కొంగలు, నీకు కనపళ్ళా?" అని అరిచింది. కొంగలు దిగాయంటే రొయ్య తేలిందని గుంటల మీద పుట్టిన పిల్లకు ఒకరు చెప్పాలా? చెవులు తెరుచుకున్నాక తెలిసింది, నేను పదికి పది ఇచ్చింది కరెంటు కోతకు. గట్టంచున రొయ్యలు మూతులు పైకి పెట్టి కొట్టుకుంటున్నాయి. నేను జనరేటరు దగ్గరికి పరిగెత్తాను, హ్యాండిల్ చేతికి రావడం లేదు. "జరుగు నువ్వు" అని మరదలే నన్ను నెట్టి తిప్పింది. రెండోసారికి ఇంజను అందుకుంది. చక్రాలు ఒకసారి మూలిగి, తిరగడం మొదలుపెట్టాయి. అంత తియ్యటి చప్పుడు నా జన్మలో వినలేదు.

మామ ఎవరో చెబితే బండి మీద వచ్చిపడ్డాడు. మేత మూటలు ఎక్కడ పడేశాడో ఏమో. నా వైపు చూడలేదు, చక్రాల వైపూ చూడలేదు, తిన్నగా పోయి కాలు తాడు మీద పెట్టాడు. కాసేపు అట్లాగే నిలబడి, తర్వాత గట్టు మీద కూలబడ్డాడు. కొన్ని రొయ్యలు పోయాయి, కొంగలు కొన్ని తిన్నాయి. తక్కినవి సాయంత్రానికి తేరుకుని అడుగుకు దిగాయి. పంట నిలబడింది. నేను మాత్రం తిట్లకు తయారుగా తల వంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "ఏదీ, దాన్ని ఇట్టా తే. నా గుంటను తినబోయిందేందో చూస్తా" అన్నాడు.

నల్లది ఆయన చెవుల్లో పెట్టి పాట వేశాను. "పెంచు" అన్నాడు. పెంచాను. "ఇంకా." ఇంకా పెంచాను. ఫోను ఇక నావల్ల కాదన్నదాకా పెంచాను. ఆ మోతకు నేనైతే పీకి పారేసేవాణ్ణి. మామ తాపీగా తలూపి, "ఇంజను బాగానే ఉండాది. మనిషేడిరా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పాడేవాడు పక్క గదిలోకి పోయాడని నేను అనుకున్నదే ఈయన కూడా అన్నాడు, మామకు కూడా చెవి ఉంది! మనిషి కావాలంటే వెండిది కదా అని, అది పెట్టాను. అందులో పాడేవాడు మొహంలోకి చూస్తూ పాడతాడు. మామ చాలాసేపు విన్నాడు. "ఇంజను తగ్గింది. మనిషి ఈడ కూడా లేడే" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. అవి ఆయన చెవుల్లోంచి తీసేశాను. అదే సమయంలో మరదలు వెనకనుంచి, "నాయనా, కూడు తిందువు రా" అంది. ఆయన తిరగలేదు. రెండోసారి పిలిచింది. అప్పుడూ తిరగలేదు, తాడు మీద కాలిని సర్దుకున్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను ముందుకొచ్చి ఎదురుగా కూర్చుని, "మామా, నీకు వినపడటం లేదా?" అన్నాను. నా మూతి చూసి అర్థం చేసుకున్నాడు. తప్పు చేసినవాడిలా నవ్వాడు. "ఇంజన్ల పక్కనే పెరిగినా గదరా. చక్రాల చప్పుడు ఉండాదో లేదో ఈ మధ్య తెలీడం లేదు. తాడు వణకతా ఉంటే తిరగతా ఉండాయని. కానీ కాలు కూడా నిద్రపోతాది గదా? నేను తెచ్చుకుంది నీ చెవుల్నిరా అబ్బయా. నువ్వేమో వాటికి బిరడాలు పెట్టినావు" అన్నాడు. మళ్లీ తనే, "ఊళ్లో చెప్పబాక. చెవిటోడని తెలిస్తే రొయ్యలు కొనేవోళ్లు నా ముందే నన్ను అమ్మేస్తారు" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఏడుపొచ్చింది, మరదలికి ముందే వచ్చేసింది. ఊఫర్ వచ్చి పెట్టెలు అడిగితే ఇచ్చేశాను. ఏది గెలిచిందని వాడు అడిగితే ఏం చెప్పానో కూడా గుర్తులేదు.

ఆ పంట పట్టేదాకా ఏ చెవిలోనూ ఏదీ పెట్టుకోలేదు నేను. కుదురు వచ్చిందనుకునేరు, అదేం లేదు. చక్రాల చప్పుడు కాస్త మారితే చాలు, ఉలిక్కిపడి లేచి గట్టు చుట్టూ తిరిగేవాణ్ణి. రొయ్యలు పట్టి అమ్మడం అయ్యాక మామను బలవంతాన నెల్లూరు తీసుకుపోయి చెవికి మిషను పెట్టించాం. దాన్ని పెట్టుకుని గుంట గట్టు మీద కూర్చున్న మొదటిరోజు ఆయన మొహం చూడాలి. పిట్ట అరిస్తే తలెత్తాడు, కూతురు దూరంనుంచి పిలిస్తే చిన్నపిల్లాడిలా పలికాడు. తన మాట తనకే వినపడి, "నేనింత గట్టిగా మాట్లాడతానా? ఇన్నాళ్లూ చెప్పరేంరా?" అని మమ్మల్ని తిట్టాడు. ఎట్లా ఉంది మామా అని ఆశగా అడిగాను. ఇయర్‌ఫోన్లు తూచినవాడి గాంభీర్యంతో కాసేపు విని తీర్పు చెప్పాడు: "మనిషి వచ్చినాడు. ఇంజను పోయిందిరా."

ఇప్పుడు ఆ రెండు గుంటలూ నేనే చూస్తున్నాను. మిషను ఎక్కువ రోజులు మామ జేబులోనే ఉంటుంది, కూతురు (ఇప్పుడు మా ఆవిడ) అరిచినప్పుడు మాత్రం చెవికెక్కుతుంది, అది కూడా ఆలస్యంగా. నేను రాసిన "ఏరేటరు కూడా వినపడదు" అన్న మాటను ఆ గ్రూపులో ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తి చూపిస్తూ, నిజమేనా అన్నా అని అడుగుతారు. నిజమేనంటాను. మబ్బు పట్టిన రోజుల్లో గట్టు మీద కూర్చుంటే నేనూ పాటలు వింటాను, ఒక్క చెవిలోనే, అదీ చవక జతతో. ఎంత పెంచినా బేస్ చాలదు. బేస్ చాలక లేచిలేచి తిరిగిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. అలా నవ్వుకుంటూ కిందికి చూస్తే, ఎప్పుడు పెట్టుకున్నానో ఏమో, నా కాలు తాడు మీద ఉంటుంది.