అమ్మ పుట్టిన ఊరేది?

మా ఇంట్లో లోపలి గదుల తలుపులకు గడియలు ఉండేవి కావు. ఎవరైనా తలుపు దగ్గరగా వేసుకుంటే, ఒంట్లో బాగాలేదేమోనని అమ్మ వచ్చి తోసి చూసేది. నాకొచ్చిన ఉత్తరాలను నాన్న చింపి, చదివి, ఆ తర్వాత నా చేతికిచ్చేవాడు. అందులో తప్పేమీ ఎవరికీ కనిపించలేదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి, పాస్‌వర్డ్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నాదంటూ ఒకటి, నేను తీస్తే తప్ప తెరుచుకోనిది!

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కృష్ణగిరిలో డిప్లొమా ముగించి, హోసూరులో ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగాలకు అప్లై చేయాలంటే మెయిల్ ఐడీ కావాలన్నారు. బస్టాండు దగ్గరున్న బ్రౌజింగ్ సెంటర్‌కి వెళ్ళాను. సెంటర్ ఆయన పక్కన నిలబడి చెబుతుంటే నేనే టైపు చేశాను. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు ఆయన మర్యాదగా అటు తిరిగాడు. తర్వాత కంప్యూటర్ ఒక రహస్య ప్రశ్న ఎంచుకోమంది. పాస్‌వర్డ్ మరచిపోతే ఆ ప్రశ్నకు జవాబు చెప్పి కొత్తది పెట్టుకోవచ్చట.

"ఎన్నటికీ మరచిపోనిదిగా చూసి పెట్టుకోమ్మా," అన్నాడాయన.

ఇష్టమైన ఆటగాడు, మొదటి బడి, అమ్మ పుట్టిన ఊరు అని ప్రశ్నలున్నాయి. నాకు ఇష్టమైన ఆటగాళ్ళు మారిపోతుంటారు. అమ్మ పుట్టిన ఊరు మారదు. గురుబరపల్లి అని కొట్టాను. ఎక్కడో దూరదేశంలో దొంగ కూర్చుని నా పెట్టె తెరవాలని చూస్తే, వాడికి గురుబరపల్లి సంగతి ఏం తెలుసని నాలో నేనే మురిసిపోయాను.

గురుబరపల్లిలో మా మేనమామ ఉన్నాడు. ఆయన కొడుకు నాకు బావ. నేను పుట్టినప్పుడే నన్ను అతనికి అనుకున్నారు. వద్దని నేననలేదు, సరేనని కూడా అనలేదు. నన్నడిగిన వాళ్ళు ఎవరు గనక? బావ కంప్యూటర్ కోర్సు చేసి, ఆ తర్వాత తండ్రి మామిడి వ్యాపారంలో దిగాడు. మా అమ్మ పుట్టింది అతను రోజూ పడుకుని లేచే ఇంట్లోనే. లోకంలో దొంగలందరికీ భయపడి, తాళంచెవి తీసుకుపోయి అతని గడప మీద పెట్టానన్నమాట.

నా మెయిల్ ఐడీ నాన్నకు కంఠతా వచ్చేసింది. పెళ్ళిళ్ళలో చుట్టాలెవరు కనబడినా అక్షరం తప్పకుండా అప్పజెప్పేవాడు. "మా పాపకి ఇంటర్నెట్‌లో అడ్రస్ ఉండాది," అనేవాడు.

బెంగుళూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. నాన్నే తోడు వచ్చాడు. బాగా చేశాను. కబురు మెయిల్లో పంపుతామన్నారు. ఆ తర్వాత వీలైనప్పుడల్లా బ్రౌజింగ్ సెంటర్‌కి పోయి చూసేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. ఒకసారి నా పాస్‌వర్డ్ చెల్లలేదు. ఎన్నిసార్లు కొట్టినా అంతే. చివరికి రహస్య ప్రశ్నకు జవాబు చెప్పి లోపలికి పోయాను.

కంపెనీ ఉత్తరం ఉంది. ఉద్యోగం ఇచ్చారు. జీతం, చేరాల్సిన తేదీ, ఆడపిల్లలకు హాస్టల్, అన్నీ రాసి ఉన్నాయి. ఎవరో ముందే తెరిచి చదివారు. దానికి నేను పంపినట్టు జవాబు కూడా ఉంది. నాకు పెళ్ళి కుదిరింది, ఉద్యోగం వద్దు, మన్నించండి అని. కింద నా పేరు. తిట్టుకోవడానికి ఇంగ్లీషులో ఒక్క తప్పైనా దొరకలేదు.

ఎస్టీడీ బూత్‌కి పోయి కంపెనీకి ఫోన్ చేశాను. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశామని ఒకామె నెమ్మదిగా చెప్పింది. పెళ్ళికి శుభాకాంక్షలు కూడా చెప్పి పెట్టేసింది.

నా ఐడీ తెలిసి, అమ్మ ఊరు తెలిసి, కంప్యూటర్ తెలిసినవాడు మా చుట్టాల్లో ఒక్కడే. ఆ ఆదివారం మామా బావా మామిడిపళ్ళ బుట్టతో ఇంటికొచ్చారు. అందరి ముందే అడిగేశాను. బావ దాచలేదు.

"ఔను, నేనే రాసినాను. బెంగుళూర్లో ఒంటిగా యాడుంటావు? నీ మంచికే చేసినాను."

"నా మెయిల్ నువ్వెట్ల తెరిచినావు బావా?"

"మా అత్త పుట్టిన ఊరేదని అడిగింది. చెప్పినాను. అంతే."

మామ పకపకా నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. "మనోడే కదమ్మా చూసింది, ఎవురో పరాయోడు కాదు కదా. మనలో మనకి దాచిపెట్టుకునేది ఏముండాది?"

నేను నాన్న ముఖం చూశాను. ఆయన నవ్వలేదు. కానీ పళ్ళు కోసి పెట్టమన్నాడు. ఒళ్ళు మండిపోతుంటే వంటింట్లోకి పోయి కోసి తెచ్చి పెట్టాను. బయటివాడు చేసుంటే దొంగతనం అని అరిచేదాన్ని. ఇంటివాడు చేసినదానికి పేరు పెట్టడం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఆ ఏడే పెళ్ళయింది. నా పేరుతో పోయిన ఉత్తరంలో అబద్ధమంటూ లేకుండా పోయింది.

అతను చెడ్డవాడు కాడు. తాగడు, చెయ్యెత్తడు. నా సెల్‌ఫోన్ మోగితే ముందు తను చూసి తర్వాత నాకిస్తాడు. మా పాప బడిలో చేరే నాటికి ఇంట్లోకే కంప్యూటర్ వచ్చింది. బడివాళ్ళు అమ్మ మెయిల్ ఐడీ అడిగారు. కొత్తది తెరుస్తుంటే అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. నేను చేయి కదపకముందే "గురుబరపల్లి" అన్నాడు, నవ్వుతూ. అతను చూస్తుండగా అదే కొట్టాను.

మరునాడు అతను తోటకు పోగానే ఆ జవాబు తీసేసి అబద్ధం పెట్టాను. మా అమ్మ ఎన్నడూ పుట్టని, మా చుట్టాలెవరూ లేని ఊరొకటి. ఆ పెట్టెలోకి బడి నోటీసులు తప్ప ఏమీ రావు. అయినా అప్పుడప్పుడు ఊరికే తెరిచి, మూసి వస్తాను.

అది ఏ ఊరో ఇక్కడ రాయను. ఇది అచ్చయితే మొదట చదివేది అతనే.