రొయ్యకి వెయ్యని మందు

రెండేళ్ళ కిందట, కార్తీకమాసం రెండో సోమవారం, ఉదయం ఏడున్నర గంటలకు నేను సత్తిబాబు ఇంటి అరుగెక్కాను. అల్లవరం మండలంలో సముద్రం వైపున్న పేట అది. నేనప్పుడు అక్కడ ఆశా కార్యకర్తని. ఇంటింటికీ తిరిగి పిల్లల్నీ బాలింతల్నీ చూసి, సబ్‌సెంటర్లో ఏఎన్ఎం మేడంగారికి చెప్పడం నా పని. ముప్పై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని. నాకు డొంకతిరుగుడు రాదు.

సత్తిబాబు రొయ్యల చెరువు మీద మేత చల్లుతాడు. కూతురు దివ్యకి రెండేళ్ళు. పిల్లకి జలుబు చేసినప్పుడల్లా మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ సిరప్ తెచ్చేవాడు. కాస్త తగ్గగానే ఆపేసి, మిగిలింది అటక మీద పెట్టేవారు. మళ్ళీ జలుబుకి మళ్ళీ అదే సీసా.

అంతకుముందు గురువారం పిల్లకి ముక్కు కారడం, కాస్త జ్వరం మొదలయ్యాయి. ఈసారి సిరప్ లేకుండా చూద్దామని తల్లి దుర్గని ఒప్పించాను. మందు లేకుండా తగ్గడం ఒక్కసారి కళ్ళారా చూస్తే ఆ తల్లికి ఇక నేను చెప్పక్కర్లేదు. నాకు కావలసింది ఆ ఒక్కసారే.

చెయ్యవలసింది పెద్దగా ఏమీ లేదు. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వెయ్యాలి, గోరువెచ్చనివి తాగించాలి, తిన్నంత పెట్టాలి. పిల్ల నిమ్మళంగా ఉన్నప్పుడు గౌను పైకెత్తి, నిమిషంలో పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. ఆ వయసు పిల్లకి నలభైకి చేరితే డాక్టరుకి చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, ఏమీ తాగలేకపోతున్నా అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపాలి. పొద్దునా సాయంత్రం వెళ్ళి లెక్కపెట్టాను. దివ్యకి ఎప్పుడూ నలభై దగ్గరకి కూడా రాలేదు.

సత్తిబాబు తల్లి నూకాలమ్మది నా ఈడు. “మీ గవర్నమెంటోళ్ళకి మందులయిపోయేయేంటి వదినా, ఉప్పునీళ్ళు పట్టుకొచ్చేవు?” అని దెప్పింది.

శనివారానికి సత్తిబాబుకి ఓపిక అయిపోయింది. “రాత్రంతా పిల్ల దగ్గుతుంటే చూత్తా కూచోమంటారేంటండీ, ఆశమ్మగారూ?”

“మీ చెరువులో రొయ్యలకి యాంటీబయాటిక్ వేస్తారా?” అని అడిగాను.

“అమ్మో, వెయ్యమండీ! రొయ్యలు కొనే కంపెనీవోళ్ళు పరీక్ష చేత్తారు. ఆనవాలు దొరికిందంటే సరుకంతా వెనక్కే.”

“మరి పిల్లకెలా పోస్తావయ్యా?”

“పిల్లనెవరు పరీక్ష చేత్తారండీ?”

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అక్కర్లేనప్పుడు పోస్తే, నిజంగా అక్కరపడిన రోజున ఆ మందు పనిచెయ్యకుండా పోతుందని చెప్పాను. “ఆయ్” అన్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి జ్వరం దిగింది, పిల్ల అన్నం తిన్నదని ఆ సాయంత్రం నేను వెళ్ళినప్పుడు దుర్గే చెప్పింది. సోమవారం నేను వెళ్ళేసరికి దివ్య అరుగు మీద గిన్నెలు బోర్లించి ఆడుకుంటోంది.

“చూశావా దుర్గా!” అన్నాను. దుర్గ తల దించుకుంది.

నూకాలమ్మ అందుకుంది. “నిన్న సందేళ నువ్వెళ్ళేక మావోడు సీసా తెచ్చేడొదినా. ఒక్క చెంచా పడిందో లేదో, తెల్లారేసరికి చూడు, ఎలా గెంతుతుందో!”

“దుర్గా, జ్వరం మధ్యాహ్నమే దిగిందని నువ్వే కదే చెప్పావు?”

“ఆయ్, చెప్పేనండీ. కానీ ఆట మొదలెట్టింది మందు పడ్డాకే కదండీ.”

ఇంతలో పక్కింటి మంగ తొమ్మిది నెలల కొడుకుని చంకనేసుకుని వచ్చింది. వాడికీ ముక్కు కారుతోంది. “మిగిలితే మావోడికీ ఓ చెంచా పొయ్యండి, బావగారూ” అంది, గుమ్మంలో ఉన్న సత్తిబాబుతో. నేను ఆ పిల్లవాడి ఊపిరి లెక్కపెట్టాను. బాగానే ఉంది, మందు అక్కర్లేదన్నాను. సత్తిబాబు సీసా ఊపి ఇచ్చాడు. మంగ నా ముందే పోసింది.

రిటైరయ్యేదాకా ఆ పేటలో ఒక్క ఇంట్లోనూ జలుబుకి సిరప్ మాన్పించలేకపోయాను. నేను తెలుసుకున్నది ఇంతే. జలుబు తనంతట తనే తగ్గుతుంది కాబట్టి, ఆఖర్న ఏది పోస్తే దానికే పేరొస్తుంది. కనిపెట్టుకుని కూర్చోవడం ఎవరి కంటికీ వైద్యంలా కనపడదు.

ఆ ఉదయం అక్కడున్నవాళ్ళు: రత్నకుమారి అనే నేను, నూకాలమ్మ, సత్తిబాబు, దుర్గ, దివ్య, మంగ, ఇంకా సిరప్ తియ్యగా ఉందని పెదాలు చప్పరిస్తున్న మంగ కొడుకు చరణ్.