చొప్ప కింద కుప్ప

రెండు మేకలున్నాయని నిజం చెప్పినందుకు నామ్వాలే పేరు ఎరువు కూపన్ల జాబితాలోంచి పోయింది. అది మూడేళ్ల కిందటి మాట. కలిగినవాళ్లకు సాయమెందుకన్నారట జిల్లా ఆఫీసులో. ఆ ఏడు ఆమె చేలో మొక్కజొన్న మోకాలెత్తు దాటకుండానే పసుపెక్కింది. మేకలు రెండూ తిండిగింజల కిందికి పోయాయి. అప్పటినుంచి సర్కారు మనిషి ఎవరొచ్చినా ఆమె ఇంట్లో ఏమీ ఉండదు. పెరట్లో కోడి కూసినా, "అది ఎనిఫా వాళ్లది" అంటుంది. ఎనిఫాను నేనే, పక్కింటిదాన్ని.

కూపన్ పోయాక ఆమె పెంట పోగెయ్యడం మొదలుపెట్టింది. ఊరివాళ్ల పేడ, పొయ్యిలో బూడిద, మొక్కజొన్న తవుడు. మా ఊళ్లో అంత మంచి కుప్ప ఇంకోటి లేదు.

ఈ జూలైలో గ్రామపెద్ద అందరినీ పిలిచి కొత్త పద్ధతి చెప్పాడు. సర్కారు ఇకమీదట సగం ఎరువే ఇస్తుంది, రెండు బస్తాలకు బదులు ఒకటి. మిగతా సగానికి కంది విత్తనం. అదీ పెంటకుప్ప ఉన్నవాళ్లకే. ఒట్టి రసాయన ఎరువే వేసి వేసి నేల చచ్చిపోతోందట.

"ఉన్నవాళ్లకే ఇస్తారుటే?" నామ్వాలే నా చెవిలో గొణిగింది. "ఎప్పుడైనా విన్నావా? కుప్ప ఉందంటే, ఇంక నీకు ఎరువెందుకంటారు."

ఇంటికెళ్లి కుప్ప కనబడకుండా చొప్ప కప్పేసింది.

వ్యవసాయాధికారి తియామికే మర్నాడు పొద్దున్నే వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. మా దేశంలో జూలై అంటే చలికాలం, చలి బాగా ఉంది. కుప్ప లేదని నామ్వాలే చెబుతూండగానే లోపల మాగుతున్న కుప్ప వేడికి చొప్ప సందుల్లోంచి ఆవిరి లేచింది.

"అమ్మమ్మా, ఆ పొగేమిటి?"

"కూరకి పొలం ఎలుకల్ని పట్టడానికి పొగబెట్టానమ్మా."

"అయితే నాకూ రెండివ్వు," అంటూ తియామికే చొప్ప తొలగించి కుప్పలో చెయ్యి పెట్టింది. చురుక్కుమని వెనక్కి తీసుకుంది. "ఇంత మంచి కుప్ప దాస్తావేంటి? నీ పేరే ముందుండాలి."

"అప్పుడొచ్చినాయన కూడా మంచి మేకలనే అన్నాడు."

తియామికే కాగితం నింపి వేలిముద్ర అడిగింది. నామ్వాలే దాన్ని నాకిచ్చింది. "చదివి చెప్పవే."

"కుప్ప: ఉంది. సాయం..." ఆగాను. "ఇక్కడ ఖాళీ."

"అది జిల్లావాళ్లు నింపుతారు," అంది తియామికే.

నామ్వాలే బొటనవేలికి సిరా పూసుకుని సరిగ్గా ఆ ఖాళీ గడిలో ముద్ర వేసింది.

"అయ్యో, అక్కడ కాదమ్మమ్మా!"

"అక్కడే. ఇప్పుడు 'సాయం లేదు' అని ఎక్కడ రాస్తారో రాయమను."

తియామికే నవ్వలేదు. ముద్ర చుట్టూ చిన్న అక్షరాలతో రాసింది. కింద సంతకం పెట్టింది. నేను చదివి వినిపించాను: "కుప్ప నేను చూశాను. ఒక బస్తా ఎరువు, రెండు కిలోల కంది విత్తనం ఇవ్వవచ్చు."

అప్పుడు నామ్వాలే అసలు చోట రెండో ముద్ర వేసింది.

"జిల్లాలో ఒప్పుకుంటారా?" అడిగాను.

"నా సంతకం ఉందిగా," అంది తియామికే. గొంతులో అంత ధైర్యం లేదు.

ఆమె సైకిలు మలుపు తిరగ్గానే నామ్వాలే చొప్ప అందుకుంది.

"చూసి వెళ్లిందిగా, ఇంకా ఎందుకు కప్పడం?" అన్నాను.

"విత్తనం చేతికొచ్చాక తీద్దాంలే. నువ్వా కొస పట్టుకో."