విమల గారి దొడ్లో కొత్త పెట్ట

మొన్న ఒక స్నేహితురాలి కూతురు పసిబిడ్డతో ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తుంటే, గుమ్మంలో దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలిపే పని నాకు అప్పగించారు. ఇక్కడ అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో, వాళ్ళ కిచెన్‌లో స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు వేశాను. చిటికెడు సున్నం వేసి వేలితో తిప్పగానే పచ్చటి నీళ్ళు చూస్తూండగానే ఎర్రబడ్డాయి. తడి సున్నం వాసన ముక్కుకి తగిలింది. బయట కార్ ఆగిన చప్పుడైనా, అందరూ గుమ్మం దగ్గరికి పరిగెత్తినా, నేను మాత్రం పళ్ళెం పట్టుకుని స్టవ్ పక్కనే నిలబడిపోయాను. “ఏమైందే, తొందరగా పట్రా!” అని కేకేశారు. ఏమైందని చెప్పను? పసిబిడ్డ ఇంట్లోకి వచ్చే వేళ నాకొక తెల్ల కోడిపెట్ట గుర్తొచ్చిందని చెబితే నన్నేమనుకుంటారు?

ఆ పెట్టతో పాటు గుర్తొచ్చిన మనిషి డాక్టర్ విమల గారు. మేము ప్లేనో దాటి ఉత్తరంగా ఇంకో అరగంట డ్రైవ్ చేస్తే వచ్చే ఊళ్ళో, పెద్ద పెద్ద దొడ్లున్న ఇళ్ళ మధ్య ఉంటాం. ఆవిడ మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. తెనాలి ప్రాంతం నుంచి చిన్న వయసులోనే ఈ దేశం వచ్చి, ఆపరేషన్లలో మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. భోజనం కాగానే తాంబూలం వేసుకోవాలి, అది లేకపోతే ఆవిడకి రోజు గడవదు. మనవాళ్ళు నలుగురు చేరినచోట గ్రీన్ కార్డు నుంచి మోకాళ్ళ నొప్పి దాకా ప్రతిదానికీ అందరి దగ్గరా సమాధానం ఉంటుంది కదా. ఈవిడ మాత్రం ఏది అడిగినా ముందు “తెలీదు” అనేవారు. ఏదో వంకతో తప్పించుకోవడం కాదది. నిజంగా తెలియదు కాబట్టే అనేవారు. ఆవిడ మంచి మనిషా, మొండి మనిషా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నదేమిటో కూడా సరిగ్గా చెప్పలేను, కానీ ఏదో నేర్చుకున్నానని మాత్రం గట్టిగా అనిపిస్తుంది.

నేను శ్రీధర్‌ని పెళ్ళి చేసుకుని ఆ ఇంటికి వచ్చేనాటికి అతని కూతురు మేఘనకి పదకొండేళ్ళు. కన్నతల్లి పోయి నాలుగేళ్ళయింది. పిల్ల నన్ను ఆంటీ అని పిలిచేది. అమెరికాలో కనపడిన ప్రతి తెలుగు ఆడమనిషీ ఆంటీయే కాబట్టి అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పక్కింటావిడకి మాత్రం డాక్టర్ ఆంటీ అని నాకంటే ఒక మాట ఎక్కువే దక్కింది. మేఘన నాతో మర్యాదగానే ఉండేది. అడిగితే చెప్పేది, పెడితే తినేది, తన గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకునేది. ఆ తలుపు ఒక్కసారైనా దఢాలున వేస్తే బాగుండునని నాకుండేది. కోపమైతే ఏం చేయాలో తెలుస్తుంది, ఆ మర్యాదని ఏం చేసుకోవాలో మాత్రం అర్థమయ్యేది కాదు.

ఆ ఏడాది మేఘన క్లాస్‌మేట్ వాళ్ళు ఇంకో రాష్ట్రానికి వెళ్ళిపోతూ తమ కోడిపెట్టని మేఘన చేతిలో పెట్టేశారు. తెల్లటి పెట్ట, పేరు పికిల్. శ్రీధర్ ఇంట్లో కోళ్ళు వద్దంటే వద్దన్నాడు. మేఘన ఎవరితోనూ దెబ్బలాడలేదు. పెట్టని ఒళ్ళో పెట్టుకుని వెనక మెట్లమీద కూర్చుంది, అన్నానికి పిలిచినా లేవలేదు. అప్పటికి విమల గారి దొడ్లో నాలుగు పెట్టలున్నాయి. నేను వెళ్ళి అడిగాను.

“తీసుకురా. నా నాలుగూ పిల్లలప్పటి నుంచీ కలిసి పెరిగినవి. కొత్తదాన్ని ఎప్పుడూ కలపలేదు. ఒప్పుకుంటాయో లేదో తెలీదు,” అన్నారావిడ.

“ఒప్పుకోకపోతే?” అన్నాను.

“చంపేస్తాయేమో కూడా. అది కూడా తెలీదు.”

ఆ మాట నేను మేఘనకి చెప్పలేదు. అదే సమయానికి శ్రీధర్ ఆఫీస్ పనిమీద వేరే రాష్ట్రంలో ఉన్న ప్లెయిన్స్‌బరో వెళ్ళాడు. వెళ్తూ, “మేఘన అడిగింది ఇదొక్కటే. కొంచెం చూసుకో,” అన్నాడు. కొంచెం చూసుకోవడమంటే ఏమిటో నాకు అర్థమైంది. ఆ పెట్టకి ఏమైనా అయితే నాకూ పిల్లకీ మధ్య ఉన్న ఆ కాస్త మర్యాద కూడా మిగలదు.

విమల గారు పద్ధతిగానే మొదలుపెట్టారు. జబ్బులేమైనా ఉంటే బయటపడతాయని పికిల్‌ని ముందు గరాజ్‌లో వేరుగా ఉంచారు. తరవాత దొడ్లో తీగవల అడ్డుపెట్టి, ఇటు పికిల్‌నీ అటు నాలుగింటినీ వదిలారు. ఒకదాన్నొకటి చూసుకుంటాయి గానీ ముట్టుకోలేవు. ఆ నాలుగింటిలో బూడిదరంగుది పెద్దది. మేత పోస్తే అది తిన్నాకే మిగతావి తినాలి. అది వలకి అవతల నిలబడి పికిల్‌ని ఒంటికన్నుతో చూస్తుంటే, కొత్తకోడలిని చూడడానికొచ్చిన పెద్దత్తగారిలా అనిపించి నాకు నవ్వొచ్చింది. వల తీసిన రోజు ఆ నవ్వు పోయింది. బూడిదది తిన్నగా వచ్చి పికిల్ మెడమీద పొడిచింది. వెనకాలే మిగతా మూడూ తరుముకున్నాయి. నేను చీపురు పుచ్చుకుని మధ్యలోకి దూకబోతే విమల గారు నా జబ్బ పట్టుకున్నారు.

“ఆగు అమ్మాయ్.”

“చూడండి ఎలా పొడుస్తున్నాయో!”

“చూస్తున్నా. నువ్వు అడ్డం పడ్డంతసేపూ ఆగుతాయి. నువ్వు ఇంట్లోకి వెళ్ళగానే మళ్ళీ మొదటికొస్తుంది. ఎవరెక్కడో అవే తేల్చుకోవాలి. రక్తం వస్తే తీసేద్దాం.”

ఎంత రాతిగుండె ఈవిడది అనుకున్నాను. జబ్బ విడిపించుకోవచ్చు, కానీ విడిపించుకోలేదు. ఆవిడకి తెలిసే చెబుతున్నారా, తెలియక చెబుతున్నారా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం పికిల్ మెడ వెనక ఈకలు లేచిపోయి చిన్న గాయం కనపడింది. విమల గారు దాన్ని చంకలో ఇరికించుకుని వంటింట్లోకి తెచ్చారు. ఇంత పసుపు తీసి, తాంబూలం డబ్బాలోంచి కాస్త సున్నం తీసి, అరచేతిలో రెండు చుక్కల నీళ్ళతో నూరారు. “తెగినా బెణికినా, ఏది కుట్టినా మా అమ్మ ఇదే పూసేది,” అంటూ గాయం మీద పట్టించారు. అమెరికాలో అంతకాలం డాక్టరుగా చేసిన మనిషి కోడికి అమ్మ మందు రాస్తుంటే నాకు ముచ్చటేసింది. గాయం చిన్నదే, ఇప్పుడు వేరుచేస్తే అయిన కాస్త పరిచయం కూడా పోతుందని పికిల్‌ని మళ్ళీ దొడ్లో వదిలారు. ఇద్దరం కాఫీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళాం.

పాలు కాగక ముందే దొడ్లో గోల వినిపించింది. పరిగెత్తి వెళ్ళేసరికి నాలుగూ పికిల్‌ని కంచె మూలకి తోసి, ఒకదాని తరవాత ఒకటి సరిగ్గా అక్కడే, ఆ మందు పూసినచోటే పొడుస్తున్నాయి. ఈసారి విమల గారు నన్ను ఆపలేదు, నాకంటే ముందు ఆవిడే చేతులతో కోళ్ళని విసిరికొట్టారు. పికిల్‌ని ఎత్తుకున్నాక తన అరచేతికేసి చూసుకున్నారు. అరచెయ్యి పారాణి పెట్టుకున్నట్టు ఎర్రగా ఉంది.

“ఎరుపు,” అన్నారు మెల్లగా. “తెల్లకోడి మీద ఇంత ఎరుపు పూసి వాటి మధ్య వదిలాను. ఎర్రగా కనపడితే పొడుస్తాయి. ఎక్కడో చదివాను కూడా. చేసేటప్పుడు తట్టలేదు.”

అప్పుడే స్కూల్ బస్ ఆగింది. మేఘన బ్యాగ్ భుజాన ఉండగానే తిన్నగా దొడ్లోకి వచ్చింది. పికిల్ మెడ చూసి కెవ్వుమంది.

“హూ డిడ్ దిస్? ఎవరు చేసారు?”

ఆ పిల్లతో ఏదో ఒకటి చెప్పి సర్దేస్తారని అనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. కోళ్ళు కొట్టుకున్నాయి తల్లీ అంటే అందులో అబద్ధమూ లేదు.

“నేను,” అన్నారు విమల గారు. “మందు అనుకుని పూశాను. దానివల్లే ఎక్కువ పొడిచాయి. తప్పు నాది.”

“బట్ యు ఆర్ ఎ డాక్టర్!”

“అవును. అయినా తెలీలేదు.”

మేఘన నావైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. “నువ్వు ఎందుకు ఆపలేదు? నువ్వు ఇక్కడే ఉన్నావ్ కదా!” అని అరిచింది. ఆ ఇంటికి వచ్చాక నామీద అరవడం అదే మొదలు.  అంత బాధలోనూ లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని చూసి సిగ్గేసింది.

“ఆవిడ నిన్న ఆపబోతే వద్దన్నదీ నేనే. ఏడవడం తరవాత, ముందు తువ్వాలు పట్టుకురా,” అన్నారు విమల గారు.

గరాజ్‌లో బల్లమీద పికిల్‌ని తువ్వాలులో చుట్టి మేఘన పట్టుకుంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. విమల గారు ఎరుపంతా కడిగేసి, ఊదారంగు జెన్షన్ వైలెట్ అద్దారు. చిన్నప్పుడు మోచిప్పలు గీరుకుపోతే మనకి పూసేవారే, అదే. తెల్ల పెట్ట సగం ఊదారంగయింది. నా చేతులూ మేఘన చేతులూ కూడా అయ్యాయి. రెండు మూడు రోజులు ఎంత రుద్దినా పోలేదు, నేను ఆ చేతులతోనే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కూరలు కొన్నాను.

గాయం ఆరాక మళ్ళీ వల, మళ్ళీ కలపడం. ఈసారి విమల గారు దొడ్లో మూడు కుర్చీలు వేశారు. “మధ్యలో దూరొద్దు, వదిలేసి పోనూ వద్దు. కూర్చుందాం. అంతకంటే ఏం చేయాలో తెలీదు,” అన్నారు. సాయంత్రాలు అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేవాళ్ళం. మేఘన హోంవర్క్ అక్కడికే తెచ్చుకునేది. బూడిదది వచ్చి ఊదారంగు మెడని ఎగాదిగా చూసి, ఏమిటో తేలక వెళ్ళిపోయేది. ఒకరోజు మేఘన పుస్తకంలోంచి తలెత్తకుండానే అడిగింది.

“నీకు కోళ్ళు ఇష్టమా?”

“లేదు. భయం.”

ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి నా చేతిలో చిక్కుడుకాయలన్నీ కిందపడ్డాయి, పికిల్ సహా ఐదు పెట్టలూ ఒక్కసారే వచ్చి వాటిమీద పడ్డాయి. ఏ పెట్టా ఏ పెట్టనీ పొడవలేదు.

కథ అక్కడితో అయిపోతే నాకు ఇంత అయోమయం ఉండేది కాదు. ఆ శీతాకాలం వెళ్ళాక విమల గారు ఇంకో కొత్త పెట్టని తెచ్చారు. దాన్ని అందరికంటే ముందు, అందరికంటే కసిగా పొడిచింది ఎవరనుకున్నారు? మా పికిల్! నాకు ఒళ్ళు మండిపోయింది. “అంత పడింది కదా, దీనికి బుద్ధి ఉండక్కర్లేదా? ఎందుకిలా చేస్తుంది?” అని ఆవిడని నిలదీశాను.

“తెలీదు.”

“మరి నేనేం చేయాలి?” అన్నాను. అనేశాక తెలిసింది, నేను అడిగింది కోళ్ళ గురించి కాదని. ఆవిడకీ తెలిసినట్టుంది. తమలపాకు ఈనె తీస్తున్న చెయ్యి ఆగింది.

“నాకు పిల్లల్లేరు అమ్మాయ్. అది అస్సలు తెలీదు. ఒక్కటి చెబుతా. మనుషుల మందు కోడికి పూస్తే ఏమైందో చూశావుగా. ఈ కోళ్ళని చూసి నేర్చుకున్నది తీసుకెళ్ళి ఆ పిల్లకి పూయకు.”

ఇది ఓదార్పో చీవాట్లో ఆ రోజు తెలియలేదు. ఇప్పుడు కూడా ఒక్కోసారి ఒక్కోలా వినపడుతుంది. విమల గారు పోయి మూడేళ్ళు దాటింది. గుండె ఆగి, నిద్రలోనే వెళ్ళిపోయారు. అంత్యక్రియల దగ్గర అందరూ ఆవిడ గొప్పతనం చెబుతుంటే, నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను గానీ కోడి సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మంచి మనిషి అని చెప్పి కూర్చున్నాను. ఎంత పొడి మాట! నిజానికి చెప్పాల్సింది వేరే. అంత చదివిన మనిషి, పదకొండేళ్ళ పిల్ల ఎదుట నిలబడి “తెలీలేదు, తప్పు నాది” అనడం నా కళ్ళతో చూశాను. నేను పెరిగిన ఇంట్లో ఎవరూ పిల్లలతో అలా మాట్లాడలేదు. తెలియకపోయినా తెలిసినట్టే ఉండాలని, అదే పెద్దరికమని అనుకుంటూ పెరిగాను. ఆవిడ చూపించింది పెద్దరికమో కాదో గానీ, ఆ తరవాత నాకు మేఘనతో అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

పోయిన ఆగస్టులో మేఘనని యూనివర్సిటీలో దింపడానికి నేనొక్కదాన్నే డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. హాస్టల్ ముందు కార్ ఆపాక, సీట్ బెల్ట్ తీయకుండా అద్దంలోంచి బయటికి చూస్తూ అడిగింది.

“ఆంటీ, నువ్వు మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు, నేనంటే నీకు ఇష్టమా?”

మొదటిరోజు నుంచీ ప్రాణమే కదా తల్లీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏ తల్లి అయినా అదే అంటుంది. పిల్లలూ అదే వినాలనుకుంటారు.

“తెలీదు మేఘనా,” అన్నాను. “ఇష్టమో కాదో అప్పుడు తెలిసేది కాదు. నీ బస్ వచ్చే టైమ్ అయితే భయమేసేది.”

సీట్ బెల్ట్ అంచుని గోటితో గీకుతూ కూర్చుంది. చెడగొట్టేశానేమో అనుకున్నాను. 

“నాకు కూడా భయమే,” అంది చివరికి. “నువ్వు వెళ్ళిపోతావ్ అని కాదు. ఉండిపోతావ్ అని.”



“ఉండిపోయాను మరి,” అన్నాను.

“యా,” అంది. వెనకసీట్లో సామాను దింపడానికి నేను తలుపు మీద చెయ్యి వేస్తే, నా మోచెయ్యి పట్టుకుంది.

“ఇంకా దిగకు. కొంచెంసేపు ఉండు.”